కెన్యాలో ఇంటిదావ

నల్లప్ప నోరు తెరిచాడంటే హేమావతి పొయ్యి మీద టీ పొంగిపోయిందన్నమాటే. వినేవాళ్లు గ్లాసు చేత్తో పట్టుకుని తాగడం మరిచిపోతారు, కాచే మనిషి కాచడం మరిచిపోతుంది. అందుకని ఆ సాయంత్రం ఆయన వచ్చి బెంచీ మీద కూర్చోగానే హేమావతి మంట తగ్గించేసి, "ఈపొద్దు కత ఎంత పొడుగుంటాదో ముందే చెప్పు మామా, దాన్ని బట్టి పాలు పోస్తా" అన్నది.

"యాడ పొడుగమ్మా. కంజీర సంగతి రవ్వంత చెప్పి లేచిపోతా" అన్నాడు నల్లప్ప. ఆ మాట ఆయన రోజూ అంటాడు.

కంబదూరు రోడ్డు మీద, బస్సు ఆగేచోట హేమావతి అంగడి. ముందు రేకుల పంచ, రెండు బెంచీలు. ఎదురుగా గుట్టల మీద గాలిమరలు. మృగశిర కార్తె సగం పైన గడిచిపోయింది. మధ్యాహ్నమయ్యేసరికి మబ్బులు కమ్ముకుంటాయి, పొద్దు వాలేసరికి కొట్టుకుపోతాయి, గాలిమరలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. దున్నిన చేలు దున్నినట్టే ఉన్నాయి. విత్తనానికి బుడ్డలు ఒలిచి పెట్టుకోవాలా, ఇంకా ఆగాలా అని ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. వేరుశెనగ విత్తనం ఒలిచాక ఎక్కువ రోజులు నిలవదు, పోనీ వాన పడ్డాక ఒలుద్దామంటే అప్పటికి పదును ఆరిపోతుంది. హేమావతి ధైర్యం చేసి ఒలిపిస్తోంది. పంచలో ఓ పక్క గోడకు ఆనుకుని, చేట ముందు పెట్టుకుని ఆ బుడ్డలు ఒలుస్తున్నది కదిరమ్మ, నల్లప్ప భార్య.

కదిరమ్మ ఒలవడానికే వచ్చిందని అందరూ అనుకుంటున్నారు. ఆమె వచ్చింది వినడానికి.

నల్లప్ప ఊరి చర్చిలో కంజీర వాయిస్తాడు, పాటలు ఎత్తుకుంటాడు. పోయిన నెల కెన్యా దేశంలోని చర్చీల వాళ్లు పాస్టరు కిరణ్‌ను వాక్యం చెప్పడానికి రమ్మని పిలిచారు. ఒక్కడే పోవడానికి మనసొప్పక, పాటకు ఒక మనిషి ఉంటే బాగుంటుందని, పాస్టరు నల్లప్పను వెంటబెట్టుకుపోయాడు. గుంతకల్లు దాటి ఎరగని మనిషి విమానమెక్కాడు. తిరిగి వచ్చినప్పటి నుంచి ఈ బెంచీ మీద రోజూ కెన్యానే.

వచ్చాక మొదటి ఆదివారం, ప్రార్థన అయిపోయి అందరూ చెప్పులు తొడుక్కుంటుంటే, పాస్టరు కదిరమ్మను చర్చి వెనక్కి పిలిచాడు.

"అమ్మా, ఆడ ఒకపొద్దు నల్లప్ప నాయన దావ తప్పినాడు. భోజనాల దగ్గర చూస్తే లేడు. అందరం తలా ఒక దిక్కు వెతికినాం. పొద్దు గుంకే వేళకు యాడో దూరంగా ఒక ముసలామె ఇంటి ముందర దొరికినాడు. ఆమెతో పాటు కూర్చుని బుడ్డలు ఒలుస్తాండాడు. రా నాయనా పోదాం అంటే, పని అయిపోనీ అన్నాడు. ఎండ దెబ్బే అయ్యుండచ్చు. అయినా ఒకసారి అనంతపురంలో పెద్ద డాక్టరుకు చూపించమ్మా."

"చూపిస్తాలే నాయనా" అన్నది కదిరమ్మ. చూపించలేదు. కొత్త దేశం, కొత్త తిండి, ఎవరికైనా కాసేపు దిక్కు తెలియకుండా పోదా అని తనకు తనే చెప్పుకుంది. ఇంట్లో మాటల్లో మాటగా, "ఆపొద్దు యాడికి పోయినావప్పా?" అని అడిగితే నల్లప్ప "సేవకు పోయినా" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం పాట మధ్యలో ఆగిపోయాడు. చిన్నప్పటి నుంచి పాడుతున్న పాటే. మూడో చరణం దగ్గర కంజీర పైకెత్తి పట్టుకుని, అది తన చేతిలోకి ఎట్లా వచ్చిందో తెలియనట్టు చూశాడు. ఆడవాళ్లలోంచి కదిరమ్మే చరణం అందుకుంది. దగ్గు వచ్చి ఆపాడనుకున్నారు అందరూ.

మతిమరుపు ఆమెకు మాత్రం లేదా? అగ్గిపెట్టె బియ్యం డబ్బాలో పెట్టి ఇల్లంతా వెతుకుతుంది. పొద్దున కళ్లు తెరవగానే పడుకున్న చోటే వీధిలోవాళ్ల పేర్లన్నీ ఒక్కొక్క ఇంటి గడప దాటుకుంటూ మనసులో చెప్పుకుంటుంది. ఏదైనా ఒక పేరు వెంటనే రాకపోతే మళ్లీ మొదటి గడప నుంచి మొదలుపెడుతుంది. తను మరిచినా ఆయన ఉన్నాడు కదా అన్న ధైర్యం ఒక్కటి ఉండేది. ఇద్దరిలో ఒక్కరికైనా గుర్తుండాలి కదా.

ఇప్పుడు ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ మధ్యాహ్నం గురించి ఆయన ఏం చెబుతాడో వినాలి. కోతలు కోస్తే మంచిదే. అబద్ధం చెప్పే మనిషికి నిజం ఏమిటో తెలిసే ఉంటుంది. దావ తప్పానని సిగ్గుపడి దాని మీద ఇంత గొప్పలు కప్పుకుంటే, మతి సరిగ్గా ఉన్నట్టే. అట్లా కాకుండా తప్పిపోయిన సంగతే ఆయనకు తెలియకపోతే?

కోతేదో నిజమేదో కనిపెట్టడానికి ఆమె దగ్గర ఒక గుర్తు ఉంది. పెండ్లయిన కొత్తలోనే పట్టేసింది. కోత కోయబోయే ముందు నల్లప్ప తువ్వాల తీసి ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీద వేసుకుంటాడు. నిజం చెప్పేటప్పుడు దాని జోలికి పోడు. ఈ సంగతి ఆయనకే తెలియదు. ఇన్నేండ్లలో ఆమె ఎవరికీ చెప్పలేదు.

తువ్వాల ఇప్పుడు ఎడమ భుజం మీద ఉంది.

"బెంగుళూరు ఏర్‌పోర్టులో పెట్టెలన్నీ ఒక యంత్రంలో దూరుస్తారు" అని మొదలుపెట్టాడు నల్లప్ప. "నా కంజీర దూరినాది, యంత్రం ఆగిపోయినాది. పోలీసు పిలిచి ఇదేంది అనె. కంజీరప్పా, దేవుని పాటకు కొట్టేది అంటి. ఈ తోలేంది అనె. మేకదప్పా, మా ఊరి ఆదెప్ప మేకది అంటి."

ఎదురు బెంచీ మీద ఆదెప్ప చేతికర్ర మోకాళ్ల నడుమ పెట్టుకుని కూర్చున్నాడు. గొర్రెలు మేకలు కాసే మనిషి. నల్లప్ప ఈడువాడే. "చూడప్పా, నా మేక ఇమానమెక్కె. నేను ఇంగా పామిడి బస్సే ఎక్కలేదు" అన్నాడు.

"నువ్వు చావు, నీ తోలూ ఎక్కిస్తా" అన్నాడు నల్లప్ప. అందరూ నవ్వారు. "ఆమీట కొట్టి చూపించమనె. రవ్వంత కొట్టితి. లైనులో నిల్చుకున్నోళ్లంతా తిరిగి చూసిరి. ఒకామె చప్పట్లు కూడా కొట్టె. పోలీసు నవ్వి, పో అనె. అంతే."

తువ్వాల కదలలేదు. పాస్టరు కూడా ఇదే చెప్పాడు. కదిరమ్మ రెండు బుడ్డలు వేళ్ల మధ్య పగలగొట్టి గింజలు చేటలో వేసింది. గుర్తుంది ఆయనకు.

"ఇమానం ఎట్లుంటాది తాతా?" అన్నాడు తిప్పేష్. కల్యాణదుర్గానికి ఆటో తోలే పిల్లగాడు. ఆటో అంగడి పక్కన ఆపి, గిరాకీ వచ్చినా పోయేటట్టు లేడు.

నల్లప్ప తువ్వాల తీసి దులిపి కుడి భుజం మీద వేసుకున్నాడు.

"ఇమానంలో అందరూ నిద్రపోతాండారు, నాకు నిద్ర రాలేదు, మెల్లిగా కంజీర తీసి వేలితో అట్ల అంటే చాలు, ముందర తలుపు తెరుచుకొనె, పైలెట్ బయటికొచ్చి నా పక్కన కూచ్చోని, ఇంగోసారి కొట్టు సామీ, ఇన్నేండ్ల నుంచి మబ్బుల్లో తిరుగుతాండా, ఇట్లాంటి చప్పుడు యాడా వినలేదు అంటాడు!"

"పైలెట్ నీ పక్కన కూచ్చుంటే ఇమానం ఎవరు తోలినారు తాతా?"

"మన పాస్టరు పట్టుకున్యాడు లే, రవ్వంత సేపు. ఆడ ఏముంది, నీ రోడ్డు మాదిరి గుంతలా? గేదెలు అడ్డం వస్తాయా?"

తిప్పేష్ టీ పొలమారింది. హేమావతి వాడి వీపు మీద ఒకటి చరిచి, "కానీ మామా" అన్నది.

"దిగినాం. దిగినాక జీపులో పోతాంటిమి, పోతాంటిమి, మొదట్లో ఊరు, ఆమీట పచ్చని తోటలు, ఇంగా పోయేకొద్దీ చెట్టూ లేదు చేమా లేదు. చర్చి అంటే ఏమనుకుంటాండారు? నాలుగు కట్టెలు, పైన రేకులు, అంతే. గోడలు కూడా ఇంగా లేయలేదు. కానీ జనం! ఒక్కొక్కరు యాడెయాడ నుంచో నడిచి వచ్చినారు. మంచి గుడ్డలు సంకలో పెట్టుకుని వచ్చి, చర్చి ముందర కాళ్లు కడుక్కుని మార్చుకుంటారు. పొద్దున మొదలైతే పొద్దు దిగేదాకా పాటే. కూచ్చోని పాడరు, ఎగురుతా పాడతారు. మన పాస్టరు ఇంగ్లీషులో చెప్పె, ఆ మాటను వాళ్ల పాస్టరు వాళ్ల బాసలో చెప్పె. నా పాటకు ఎవరూ ఏమీ చెప్పే పనే లేకపాయె. ఒక ముసలాయప్ప నా చెయ్యి పట్టుకుని ఇంగోసారి పాడమని సైగ చేసె. ఆయప్ప కండ్లలో నీళ్లు. ఏం అర్థమయిందో ఏమో, నాకు తెల్దు."

అంతసేపు తువ్వాల ఉన్నచోటే ఉంది. కదిరమ్మకు ఆ ముసలాయన కనిపించినట్టే అయింది. ఈ మాట ఇంట్లో నాకు చెప్పలేదే అనుకుంది.

"తిండేం పెట్టిరి మామా?"

"సంగటే! మన సంగటే, కాకపోతే తెల్లగా ఉంటాది, మొక్కజొన్నపిండితో చేస్తారు. దాంట్లోకి ఆకుకూర. నంజుకోను ఊరుబిండి ఒక్కటి ఉంటే మన ఇంట్లో తిన్నట్టే." తువ్వాల కుడి నుంచి ఎడమకు మారింది. "ఆమీట ఏమయిందో తెలుసునా? ఆదివారం నేను గొంతెత్తితి, జనం ఎగరబట్టిరి, ఎగిరి ఎగిరి నేల దద్దరిల్లె, పైన రేకులు మొలలూడి పైకి లేచిపోయె. నేను పల్లవి ఎత్తుకుంటే పైకి లేస్తాయి, చరణం కాడికి వస్తే మళ్లా వచ్చి కూచ్చుంటాయి. పల్లవికి ఎండ, చరణానికి నీడ. ఆడ గాలి కూడా తాళం తప్పలేదు!"

"ఆ గుట్ట మీద ఫ్యాన్లు నువ్వే తిప్పుతాండావేమో మామా, మాకు తెల్దు" అన్నది హేమావతి.

"కంపెనీవాళ్లు అడిగిరి. నేనే ఒప్పుకోలేదు."

నవ్వు ఆగేదాకా ఉండి, నల్లప్ప మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగి గ్లాసు కింద పెట్టాడు. పెట్టి, కాసేపు ఆ ఖాళీ గ్లాసులోకి చూశాడు.

"ఆమీట..." అన్నాడు. "ఆమీట భోజనాలకు పిలుస్తాండారు. నేను బయటికొస్తి."

కదిరమ్మ చెయ్యి ఆగిపోయింది. వేళ్ల మధ్య పట్టుకున్న బుడ్డ పగలలేదు. ఇన్ని రోజులూ ఈ బెంచీ మీద ఈ మాట రాలేదు. ఆమె తల ఎత్తకుండా కళ్లు మాత్రం పైకెత్తి భుజం వైపు చూసింది.

"బయట ఎర్రమన్ను. అచ్చం మన మన్నే. కాలికింద అట్లనే ఉంటాది, వేడిగా, గరుకుగా. తుమ్మచెట్లు. రాతిగుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. మేకలు అడ్డం పోతాండాయి. చేన్లలో బుడ్డలు పీకేసినారు. నేను నడుస్తాండా, నడుస్తాండా..."

తువ్వాల కదలలేదు. ఎడమ భుజం మీద అట్లాగే ఉంది. మార్చుకో అప్పా అనుకుంది కదిరమ్మ. ఇంత పొద్దూ మార్చుకుంటివే, ఇప్పుడు ఒక్కసారి మార్చుకో. ఆయన చూపు రోడ్డు దాటి ఎటో పోయింది. హేమావతి పొయ్యి మీద పాలు మరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. తిప్పేష్ "ఆ, ఆమీట?" అన్నాడు. నల్లప్ప ఇంకా అటే చూస్తున్నాడు. వేరే ఎవరికైనా అది కతలో ఊపిరి పీల్చుకోవడమే. చర్చిలో కంజీర పైకెత్తి ఆగిపోయినప్పటి మొహం అది అని కదిరమ్మకు ఒక్కదానికే తెలుసు.

"ఏమప్పా, నడిచి నడిచి ఆడే పండుకుంటివా?" అన్నాడు ఆదెప్ప.

నల్లప్ప ఉలిక్కిపడి ఆదెప్పను చూశాడు. చూసి, తువ్వాల తీసి కుడి భుజం మీద వేసుకున్నాడు.

"సింహం!" అన్నాడు.

కదిరమ్మ చేతిలో బుడ్డ పటుక్కుమంది. అమ్మయ్య, సింహం. దేవుడా, నీకు స్తోత్రం, సింహం వచ్చింది.

"తుమ్మచెట్టు కింద పండుకోనుండాది. నన్ను చూసి లేచె. తోక ఎత్తె. పరిగెత్తుదామంటే చెప్పు తెగె. చేతిలో కంజీర ఒక్కటే ఉండె. ఇంగేం చేస్తా, కొట్టితి. అది ఆగిపోయె. ఇంగా కొట్టితి. కూచ్చునె. మెల్లిగా తోకతో నేల మీద తాళం వేయబట్టె. ఒక్క దెబ్బ తప్పలేదు, మన చర్చిలో హార్మోనియం వాయించే మార్కండేయ కంటే అదే మేలు!"

"నేను పుట్టినప్పటి నుంచి మేకల కాడ ఉండేవాణ్ణి" అన్నాడు ఆదెప్ప. "కుక్క కూడా నా పాట వినదు. అంత పెద్ద సింహం ఆకలి మరిచి నీ పాట వినెనా?"

"అది మేకతోలు కంజీర గదప్పా. అది అనుకొనె, ఇన్నేండ్లూ మేకల్ని తింటి గానీ, మేక ఇంత బాగా పాడతాదని తెలీకపాయె గదా అని, సిగ్గుపడి మొహం పక్కకు తిప్పుకొనె!"

ఆదెప్ప చేతికర్ర జారి కింద పడింది. తిప్పేష్ బెంచీ మీద దొర్లుతున్నాడు. కదిరమ్మ కూడా నవ్వింది. నవ్వుతూ మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎక్కడ ఏడుస్తుందోనని.

నల్లప్పకు ఊపు వచ్చింది. తువ్వాల అటూ ఇటూ విసనకర్రలా పోయింది. సింహం తాళం వేస్తున్న సంగతి ఆ దేశపు రాజుకు తెలిసిందట. కెన్యాలో రాజు లేడు తాతా, ఫోనులో చూసినా అని తిప్పేష్ అంటే, "లేడు. నాకు మర్యాద చేయడానికని ఆపొద్దుకు ఒకణ్ణి పెట్టుకున్యారు" అన్నాడు. రాజు ఏనుగు మీద వచ్చి, సామీ, మా దేశంలో వాన పడి ఏండ్లయింది, నీ కంజీరతో ఏమన్నా చేయగలవా అని కాళ్ల మీద పడ్డాడట.

"నేను కాదు, చేసేవాడు పైనుండాడు, నాదేముంది అంటి. అని కంజీర తడి చేసి, ఒక్క దెబ్బ. యాడో ఒక తునక మబ్బు లేచె. ఇంగో దెబ్బ. కమ్ముకొనె. మూడో దెబ్బకు పడె చూడండప్పా, చినుకులు కాదు, కుండలు. కుండలు కుండలుగా పడె. వంకలు పారె, చెరువులు తెగె, సింహం నన్ను వీపు మీద ఎక్కించుకుని ఈదె, మేకలు దాని తోక పట్టుకుని ఈదె. రాజు మునుగుతా తేలుతా, చాలు సామీ చాలు అని అరుస్తాండాడు, నాకా ఆపేది తెల్దు! మన పాస్టరు నాకు కురిపించేదే నేర్పినాడు, ఆపేది నేర్పలేదు. ఆఖరికి కంజీర తిప్పి ఎనక పక్క కొట్టితే నిలిచె. ఆపొద్దు పడిన వానకు సముద్రం రవ్వంత పైకి లేచినాదని రేడియోలో చెప్పిరంట."

"అట్లయితే" అన్నాడు ఆదెప్ప, మెల్లిగా, కింద పడిన కర్ర తీసుకుంటూ, "ఈడ ఒక్క దెబ్బ కొట్టప్పా. సముద్రం లేసే పని లేదు. గొర్రె కాలు తడిస్తే చాలు."

అందరూ ఒక్కసారి పంచ బయటికి, పైకి చూశారు. మధ్యాహ్నం కమ్మిన మబ్బు ఎప్పుడో చెదిరిపోయింది. గుట్టల మీద మరలు తిరుగుతున్నాయి. హేమావతి చూపు కదిరమ్మ ముందున్న చేట మీద, ఒలిచిన గింజల కుప్ప మీద పడి అక్కడే ఆగింది.

నల్లప్ప తడుముకోలేదు. "ఆడ మబ్బులకు నా పాట కొత్తప్పా, అందుకు వినె. ఈడివి నేను పుట్టినప్పటి నుంచి వింటాండాయి. ఇంగ నా మాట యాడ వింటాయి? నా పెండ్లామే వినదు."

నవ్వు మళ్లీ లేచింది. హేమావతి కదిరమ్మ భుజం మీద తట్టింది. కదిరమ్మకు మనసు తేలికపడింది. ఇంత చురుగ్గా మాటకు మాట అందుకునే మనిషికి ఏమవుతుంది? ఆ పాస్టరుకు వయసు తక్కువ, భయమెక్కువ. ఎండ దెబ్బే. అనంతపురం లేదు, డాక్టరు లేదు. ఇంటికి పోయి ఇంత ఊరుబిండి నూరి పెడతాను అనుకుంది.

అప్పుడు ఆదెప్ప ఇంకో మాట అడిగాడు. గుచ్చడానికే అడిగాడు గానీ, అందులో విషం లేదు.

"సింహం సరే, రాజు సరే, వాన సరే. ఒక్కటి చెప్పు నల్లప్పా. మాకు గొర్రె తప్పిపోతే, అది ఎట్ల తప్పిపాయె అని తలలు కొట్టుకోం. అది యాడికి పోవాలనుకునిందో అని చూస్తాం. నీళ్లకా, దొడ్డికా, పిల్ల కాడికా. అది తెలిస్తే గొర్రె దొరికినట్టే. ఆడ భోజనాలకు పిలుస్తాండారు, ఆకలయ్యే పొద్దు, బయట తెలిసినోడు ఎవడూ లేడు. బువ్వ ఇడిసిపెట్టి బయటికొస్తివి. నువ్వు యాడికి పోతాంటివప్పా?"

"చిక్కినాడు తాత!" అని తిప్పేష్ చేతులు చరిచాడు. "చెప్పు తాతా, యాడికి?"

నల్లప్ప నోరు తెరిచాడు. మాట రాలేదు. ఇప్పుడు ఏ ఏనుగు వస్తుందో, ఏ రాణి వస్తుందో అని అందరూ ముందుకు వంగారు. తువ్వాల కుడి భుజం మీద ఉంది. కదిరమ్మ దాన్నే చూస్తోంది.

"ఇంటికి" అన్నాడు నల్లప్ప.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అంతలో తిప్పేష్ పగలబడి నవ్వాడు. "ఇంటికంట! కెన్యాలో ఇంటికంట!" హేమావతి గరిట పట్టుకునే నవ్వింది. కంబదూరు బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా తిరిగి చూసి నవ్వారు.

"ఇంటికేనప్పా" అన్నాడు నల్లప్ప, ఇందులో నవ్వడానికేముందో తెలియనట్టు. "ఆ గుండ్ల దావంటే పోయి, తుమ్మచెట్టు కాడ తిరిగితే వస్తాది గదా. బుడ్డలు ఒలిచేది ఉండె. పోయేతలికి ఈమె ఒక్కతే కూచ్చోని ఒలుస్తాండాది." ఆయన గోడ వైపు చెయ్యి చూపించాడు. "నేనూ కూచ్చుంటి. ఏమే, వేళ్లు నొప్పి పెడతాండాయి అంటివే ఆపొద్దు, తగ్గెనా?"

తువ్వాల కదలలేదు.

నవ్వు పైకప్పుకు తగిలింది. ఇంత సేపు చెప్పిన కోతలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు అన్నాడు తిప్పేష్, కళ్లు తుడుచుకుంటూ. ఆదెప్ప కూడా నవ్వబోయాడు. నవ్వబోతూ కదిరమ్మ వైపు చూశాడు. చూసి ఆపేశాడు.

పాస్టరు చెప్పిన మాట కదిరమ్మ చెవిలో మళ్లీ వినిపించింది. ఆమెతో పాటు కూర్చుని బుడ్డలు ఒలుస్తాండాడు. పని అయిపోనీ అన్నాడు. ఆ ముసలామె ఎవరో, పేరేమిటో, కదిరమ్మకు ఎప్పటికీ తెలియదు. ఎక్కడి నుంచో వచ్చి, అరుగు ఎక్కి, తెలియని బాసలో వేళ్లు నొప్పా అని అడుగుతూ పక్కన కూర్చున్న పరాయి మగవాణ్ణి ఆ తల్లి తరమలేదు. చేట ఇటు జరిపి ఉంటుంది.

అందరూ ఆమె ఏమంటుందా అని చూస్తున్నారు. చేటలో గింజలు హేమావతి గోతంలోకి వంచి, ఒళ్లో పడిన పొట్టు దులుపుకుంటూ కదిరమ్మ లేచింది.

"యాడ తగ్గిందప్పా" అన్నది. "ఇంగా నొప్పే. పా, ఇంటికి పోదాం."

"చీకటి పడతాండాది, పోండి" అన్నాడు ఆదెప్ప. ఆయన గొంతులో ఎకసెక్కం లేదు. "నల్లప్పా, రేపు గొర్రెలు మీ చేను పక్కనే మేపుతా. ఏమన్నా పనుంటే కేకెయ్యి. కదిరక్కా, నువ్వు కూడా."

"రేపు ఉండం ఆదెప్పా" అన్నది కదిరమ్మ. "తొలి బస్సుకు అనంతపురం పోవల్ల."

"ఏంటికే?" అన్నాడు నల్లప్ప.

"నా వేళ్లకు. డాక్టరుకు చూపిచ్చుకోవల్ల. నువ్వు తోడు రావల్ల."

"ఓ, దానికేం" అన్నాడాయన, కంజీర సంచి భుజానికి తగిలించుకుంటూ. "కెన్యాకే పోయొచ్చినా, అనంతపురమెంత?"

రోడ్డు దాటి చేన్ల మధ్య కాలిబాటలో పడ్డారు. పెండ్లయినప్పటి నుంచి ఆ బాటలో ఆయన ముందు, ఆమె వెనక. ఆయన ఎప్పుడూ పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ పోతుంటే ఆమె ఆ చెప్పుల గుర్తులు చూసుకుంటూ నడిచేది. ఈ పొద్దు బాట చీలే చోట ఆయన నిలబడ్డాడు. కుడి పక్క గుండ్లు, ఎడమ పక్క తుమ్మచెట్టు, కింద ఎర్రమన్ను. అటూ ఇటూ చూశాడు. దారి అడగలేదు.

కదిరమ్మ ఆయన పక్కనుంచి దాటుకుని ముందుకు వచ్చింది. "నాకు కండ్లు సరిగ్గా ఆనలేదు, ముందర నడిస్తే దావ కనపడతాది" అన్నది. ఆయన ఆమె వెనక నడిచాడు.

నాలుగడుగులు వేసిందో లేదో ఆమెకు భయం పట్టుకుంది. వెనక నడిచినన్నాళ్లూ ఆయన వీపు కనిపిస్తుండేది. ఇప్పుడు వెనక ఏముందో తెలియదు. తిరిగి చూస్తే, ఏంది చూస్తావు అంటాడు. చూడకపోతే ఎట్లా?

"ఏమే" అన్నాడు నల్లప్ప వెనక నుంచి. "సింహం సంగతి నీకు చెప్పినానా?"

చెప్పాడు. ఇప్పుడే, ఈ పొద్దే, ఆమె ఎదురుగా చెప్పాడు.

"లేదప్పా" అన్నది కదిరమ్మ. "చెప్పు. గట్టిగా చెప్పు, గాలికి వినపళ్లేదు."

మాట మొదలైంది. తుమ్మచెట్టు, ఎత్తిన తోక, తెగిన చెప్పు. ఆ గొంతు వెనక వినిపిస్తున్నంతసేపూ ఆమె అడుగులు నిబ్బరంగా పడ్డాయి. గొంతు దగ్గరగా ఉంటే ఆయన దగ్గరున్నాడు. దూరమైతే ఆమె నడక తగ్గించింది. ఎక్కడ కాస్త నిదానించినా, "ఆమీట?" అన్నది. "ఆమీట ఏమయిందప్పా?"

ఊరి దీపాలు కనిపించే మెరక మీదికి వచ్చేసరికి గొంతు ఆగిపోయింది.

"ఆమీట?" అన్నది.

గాలి తప్ప ఏమీ లేదు.

కదిరమ్మ వెనక్కి తిరిగింది. నల్లప్ప బాట మధ్యలో నిలబడి ఉన్నాడు. కంజీర సంచి కింద పెట్టి, తువ్వాల తీసి దులిపి, కుడి భుజం మీది నుంచి ఎడమ భుజం మీద వేసుకుంటున్నాడు.

"ఇంగ విను" అన్నాడు. "ఆ సింహానికి ఒక తమ్ముడుండాడు."

"చెప్పు" అని కదిరమ్మ మళ్లీ ముందుకు తిరిగింది.